ఒడిలో కూర్చున్నది ఎవరు

రుగాజే మఠం,
29 సెప్టెంబర్ 1974.

కొకుగొంజా అత్తకు,

నువ్వు నీ చేత్తో రాసిన ఉత్తరం అందింది. కాఫీ లారీ డ్రైవరు తెచ్చి మఠం గేటు దగ్గర ఇచ్చి వెళ్లాడు. ఇన్నేళ్లూ నా ఉత్తరాలు ఎవరో చదివి వినిపిస్తే వినేదానివి, ఎవరికో చెప్పి జవాబు రాయించేదానివి. ఇప్పుడు పెద్దల బడికి వెళ్లి నువ్వే రాస్తున్నావు. మన ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే అని ఇన్నాళ్లూ ఒక బెంగ ఉండేది. అది కాస్త తగ్గింది. అక్షరాలు వంకరగా ఉన్నాయని సిగ్గుపడకు. చదువుతుంటే నీ గొంతు వినిపించింది.

మా కన్యాస్త్రీల సభ ఇంకా పుట్టలేదు అత్తా. డిసెంబర్ ఎనిమిదిన, అమలోద్భవి మాత పండుగనాడు, పీఠాధిపతి గారు వచ్చి మా ఏడుగురి మాటపట్టు, అంటే దేవుడికే అంకితమన్న ప్రమాణం, స్వీకరిస్తారు. ఆ రోజు నుంచి మాది సందర్శన మాత సభ. మదర్ లియోకాదియా ఇదివరకు మంత్రసాని అని చెప్పాను కదా. ఎవరూ గడప తొక్కని ఇళ్లకే ఆమె తిరిగేది: కుష్ఠు వచ్చినవాళ్లవి, చేతబడి చేశారని వెలివేసినవాళ్లవి, చావుకు దగ్గరపడ్డవాళ్లవి. తనతోపాటు మరియమ్మ కూడా ఆ ఇళ్లకు రావాలని కర్రతో ఒక స్వరూపం చెక్కించుకుంది. ఆ స్వరూపం వెనకాల నడిచినవాళ్లమే మేమంతా.

అక్టోబర్ జపమాల నెల. రోజూ సాయంత్రం స్వరూపానికి తెల్లబట్ట కప్పి, పాడుకుంటూ ఒక ఇంటికి తీసుకెళ్తాం. ఇంటివాళ్లందరూ కూర్చుని, ఒకరినొకరు క్షమించుకున్నాక గానీ ముసుగు తియ్యం. మాలో ఒకరు తెల్లవారేదాకా అక్కడే ఉండి జపమాల ఆగకుండా చూస్తారు. ఈ ఏడాది నాకూ ఆ పని అప్పగిస్తారట.

ఒక్క విషయానికి భయంగా ఉంది. ఏ అమ్మాయి మీదా ఎవరికీ హక్కు ఉండకూడదనీ, ఉందని ఎవరైనా అడ్డుపడితే అందరి మాటపట్టూ ఆగిపోతుందనీ పీఠాధిపతి గారు ముందే చెప్పారు. నాన్న ఇంతవరకూ అవుననలేదు, కాదనలేదు. ఆయన మౌనం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. నువ్వు ఒక్కసారి అడిగి చెప్పవూ.

నీ మేనకోడలు,
ఎవోదియా


బుయేగా,
12 అక్టోబర్.

ఏమే ఎవోదియా,

బాగున్నావా. నేను బాగున్నాను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని మా బడి టీచరమ్మ చెప్పింది. నిజానికి బాగాలేను, మోకాలు నొప్పి. అది రాయకూడదంట.

మీ నాన్నని అడిగాను. పొద్దున్నే అరటి ఆకులు కోస్తుంటే వెనకే వెళ్లి అడిగాను. "నీ కూతురికి ఏం చెప్పమంటావురా" అన్నాను. కత్తి ఆపకుండా "దానికి చదువు చెప్పించింది నేనే కదా, నన్నడగడం ఎందుకు" అన్నాడు. "అయితే సరేనంటావా" అన్నాను. "నేనేమీ అనలేదు" అన్నాడు. అదీ మీ నాన్న. చిన్నప్పుడూ అంతే, ఆకలేస్తే అన్నం అడగడు, కుండ వైపు చూస్తూ కూర్చుంటాడు.

నేను మాత్రం మనసులో ఉన్నది చెప్తా. నువ్వు మంచిదానివి, చదువుకున్నదానివి. కానీ పిల్లాజెల్లా లేకుండా చచ్చిపోయినవాళ్లని ఇంట్లో గడ్డి పరిచి పేరు పెట్టి పిలిచేదెవరే? నన్ను చూడు. ఉన్న ఒక్క బిడ్డా పోయాడు, మొగుడూ పోయాడు, తమ్ముడి తోట చివర గుడిసెలో పడున్నాను. నేను చచ్చాక నా పేరు నువ్వు తలుస్తావనుకున్నాను. నువ్వేమో నీ పేరే మార్చుకుంటానంటున్నావు.

తిడుతున్నాననుకోకు. నీకు ఇష్టమైతే ఇష్టమే. ఇష్టం లేక, వెనక్కి రావడానికి సిగ్గుపడి అక్కడే ఉండిపోతున్నావేమో అని నా అనుమానం. అలా అయితే నాకు సూటిగా చెప్పనక్కర్లేదు. కొంచెం అటూ ఇటూగా రాసినా అర్థం చేసుకుంటాను.

మీ అత్త


రుగాజే మఠం,
27 అక్టోబర్.

అత్తా,

నీ ఉత్తరం చదివి నవ్వాను, కాసేపు ఏడ్చాను కూడా. నీ పేరు నేను తలవకుండా ఉంటానా.

ఈ వారం నాకు జరిగినదంతా నీకు చెప్పాలి. ఎదుటి కొండ వాలులో ముటెంబెయి అనే ముసలాయన ఉండేవాడు. చూపు దాదాపు పోయింది, ఊపిరి అందడం లేదు. ఆయన ఇంటికి స్వరూపం తీసుకెళ్లమని మదర్ నన్నే పంపింది. వాళ్లు ఇల్లంతా పచ్చగడ్డి కొత్తగా పరిచారు. ముసుగు వేసిన స్వరూపాన్ని ఎత్తుకుని నేనే ముందు నడిచాను, వెనక మిగతావాళ్లు పాడుతూ వచ్చారు. గుమ్మంలోనే ఆయన తమ్ముడు కయోజా "ఎవరింటి పిల్లవు, ఏ వంశం" అని అడిగాడు. నాన్న పేరు, ఊరు పేరు, దుప్పి వంశం అని వినయంగా చెప్పాను. మాకు కాఫీ గింజలు నమలడానికిచ్చారు.

ముసలాయన చేతులు చాచాడు. స్వరూపాన్ని ఆయన ఒడిలో కూర్చోబెట్టాను. ఆయన ముసుగు మీద నుంచే తడిమి తడిమి చూశాడు. "వచ్చావా తల్లీ" అన్నాడు. అత్తా, అంత సంతోషం నేను ఒక మనిషి ముఖంలో ఎప్పుడూ చూడలేదు. మిగతావాళ్లు వెళ్లిపోయాక నేను ఉండి జపమాల చెప్పించాను. ఆయన భార్యా, చిన్నకొడుకు ప్రొజెస్టసూ నాతోపాటు చెప్పారు. తెల్లవారుతుండగా ఆయన "నా కోడలు వచ్చింది, పంపించకండి" అని ఏదో కలవరిస్తూ ప్రాణం విడిచాడు. ప్రొజెస్టస్ చాలా మంచివాడు, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేను స్వరూపం తీసుకుని వచ్చేస్తుంటే వాళ్లమ్మ నా కొంగు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తిరిగి వచ్చానన్న మాటే గానీ నా మనసు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఏదో పెద్ద మార్పు నాలో వచ్చినట్టుంది. మాటల్లో చెప్పలేను. నువ్వైతే అర్థం చేసుకుంటావు.

నీ
ఎవోదియా


బుయేగా,
6 నవంబర్.

ఓసి దొంగపిల్లా,

అర్థమైంది. అర్థం కాకపోవడానికి నేనేమన్నా చంటిపిల్లనా. అటూ ఇటూగా రాయమన్నందుకు ఎంత చక్కగా రాశావే. నీ మనసు ఆ ఇంట్లోనే ఉండిపోయిందా. ఉంటుంది, ఉంటుంది.

నీ ఉత్తరం వచ్చిన రెండోరోజే ముటెంబెయి వాళ్లు దిగారు. కయోజా, ఇంకా నలుగురు పెద్దమనుషులు. అరటి సారా కుండలు తలకెత్తుకుని, కుండల మూతులకి ఆకులు కట్టి, పద్ధతిగా వచ్చారు. "మీ అమ్మాయి మా గడప దాటి వచ్చింది. ఆడవాళ్లు పాడుతూ తెచ్చారు. గడ్డి మీద కూర్చుంది, గింజ నమిలింది, వంశం చెప్పింది, తెల్లవార్లూ ఉంది. మా అన్న కోడలని పిలిచి కన్నుమూశాడు. ఇక మా ప్రొజెస్టస్ పెళ్లామే" అన్నారు. మీ నాన్న నా వైపు చూశాడు. నేను నీ ఉత్తరం తీసి, ఆ మనసు ఉండిపోయిందన్న మాట అందరికీ చదివి వినిపించాను. పెద్దల బడికి వెళ్లినందుకు అంత గర్వం నాకెప్పుడూ కలగలేదు. మీ నాన్న వాళ్ల కుండలో గొట్టం వేసుకుని తాగాడు. తాగాడంటే ఒప్పుకున్నట్టే కదా.

సిగ్గుపడి వెనక్కి రాలేక, ఎవరూ వేలెత్తి చూపకుండా ఇలా దారి చేసుకున్నావు. చదువుకున్నదాని తెలివి. మఠం వాళ్లకి ఏం చెప్పాలో నువ్వే చూసుకో. నిన్ను చెయ్యి పట్టుకుని అత్తారింట్లో దించాల్సింది నేనే, మేనత్త లేకుండా పెళ్లికూతురు కదలదు. నీ పెళ్లి ముసుగుకి బెరడు బట్ట నానబెట్టి కొట్టిస్తున్నాను. మెత్తగా, ఎర్రగా వస్తోంది.

మీ అత్త


రుగాజే మఠం,
10 నవంబర్.

అత్తా,

నువ్వు రాసినది చదివి వెంటనే రాస్తున్నాను.

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్లలేదు. మరియమ్మను మోసుకుని వెళ్లాను. నా మనసు ఉండిపోయిందన్నది ఆ చావు గురించి, ఆయన ముఖంలో చూసిన సంతోషం గురించి. వేరే ఏమీ కాదు. గడ్డి సంగతి, గింజల సంగతి నాకెలా తెలుస్తుంది? మా పిన్ని కూతురి పెళ్లికి నేను బోర్డింగు బడిలో ఉన్నాను. మన ఊరి కొకుబెర్వా పెళ్లికి పరీక్షలు. ఒక్క పెళ్లికూతుర్ని దించడం కూడా నేను చూడలేదు. పెళ్లిలో వంశం అడుగుతారని పుస్తకాల్లో ఎక్కడా లేదు.

మదర్‌కి చెప్పాను. ఆమె కోప్పడలేదు. "తప్పు నాది, మన ముసుగు వాళ్లకి ఎలా కనిపిస్తుందో నేను ఆలోచించాల్సింది" అంది. కానీ పీఠాధిపతి గారికి తెలిసిపోయింది. ఈ తగవు తీరకపోతే డిసెంబర్ ఎనిమిది ఉండదని కబురు పంపారు. నా ఒక్కదాని వల్ల ఏడుగురి బతుకు ఆగిపోతుంది. నేను వెళ్లిపోతాను, మీరు ఆగకండి అన్నాను. "నువ్వు వెళ్తే వాళ్లు నిన్ను తీసుకుపోతారు, అది నేను ఒప్పుకోను" అంది మదర్.

నిన్న ఊటబావి దగ్గర ఇద్దరు మగవాళ్లు నిలబడి ఉన్నారు. ఏమీ అనలేదు. నేను బిందె నింపుకునేదాకా చూసి, దారి ఇచ్చారు. వాళ్లు దారి ఇచ్చినందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

అత్తా, కాదని చెప్పు. నాన్నతో చెప్పు, వాళ్లతో చెప్పు. నువ్వు కదలకపోతే పెళ్లికూతురు కదలదని నువ్వే రాశావు. కదలకు.

ఎవోదియా


బుయేగా,
11 నవంబర్.

అమ్మాయీ,

నీ దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు, సిగ్గేమో. పనులు తొందరపడుతున్నాయి కాబట్టి నేనే రాస్తున్నా.

ముటెంబెయి ఇంట్లో పసిపిల్లకి జ్వరం తగిలింది, పెద్దకొడుకు బిడ్డకి. దిగట్లేదు. ముసలాయన కోపమే అంటున్నారు. కోడల్ని పంపించకండి అని చెప్పి పోతే, తెల్లారగానే పంపేశారు కదా. వాళ్లు భయపడిపోతున్నారు ఎవోదియా. కయోజా నా గుమ్మంలో కూర్చుని చేతులు నలుపుకున్నాడు. అంత మనిషి. "మా అన్న ఇంటి మీదే తిరుగుతున్నాడు, ఆలస్యం చెయ్యొద్దు" అన్నాడు. నాకూ ఒళ్లు జలదరించింది. ఈ నెలాఖరులోపే అని మాటిచ్చేశాను.

బెరడు బట్ట లారీలో పంపిస్తున్నాను. కప్పుకుని చూసుకో, పొడుగు సరిపోయిందో లేదో.

మిడతలు వచ్చాయి. ఆకాశమంతా పచ్చగా. మగవాళ్లు బుట్టలు నింపుకుంటున్నారు. మన ఆడవాళ్లం రెక్కలు పీకడానికే, తినడానికి కాదు. నిన్ను దించిన రోజున ఆ ఇంట్లో నీకు నేను రహస్యంగా ఒక గుప్పెడు వేయించి పెడతాను. నేను ఎప్పుడూ తినేదాన్నే, ఎవరికీ చెప్పకు.

మీ అత్త


రుగాజే మఠం,
16 నవంబర్.

కొకుగొంజా అత్తకు,

బెరడు బట్ట చేరింది. అందరం భోజనానికి కూర్చున్నప్పుడు డ్రైవరు తెచ్చి నా ముందు పెట్టాడు. విప్పగానే అందరికీ అర్థమైంది. మాలో ఒకతె, అలోదియా, లేచి వెళ్లిపోయింది. సాయంత్రానికి ఆమె తన మూట కట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది, తనను కూడా ఇలాగే ఎవరో వచ్చి పట్టుకుపోతారని. ఇప్పుడు ఆరుగురమే.

మదర్ నన్ను పక్కకి పిలిచి "నువ్వు తెప్పించుకున్నావా" అని అడిగింది. ఆమె కళ్లల్లో అనుమానం ఉంది. నన్ను చిన్నపిల్లగా చేరదీసిన మనిషి ఆమె.

నా ఉత్తరం నీకు అంది ఉంటుంది. అందాక కూడా నువ్వు ఆ మాట వెనక్కి తీసుకోకపోతే నాకు చెప్పడానికేమీ లేదు. నెలాఖరు లోపే అని ఎవరి నోటితో చెప్పావు? నా నోరు నీ దగ్గర ఉందా? నీకు చదవడం వచ్చింది గానీ నేను రాసింది చదవడం లేదు. నీకు కావలసిందే చదువుకుంటున్నావు. నన్ను అమ్మేశావు అత్తా.

మేము ఇప్పుడు పగలు కూడా తలుపులు గడియ పెట్టుకుంటున్నాం. జపమాల చెప్తుంటే మధ్యలో మాట మర్చిపోతున్నాను. వాకిట్లో అడుగుల చప్పుడు వినిపిస్తే లేచి గడియ మళ్లీ చూసుకుంటున్నాను.

ఎవోదియా


బుయేగా,
21 నవంబర్.

ఎవోదియా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే లారీలో వచ్చాయి. పదో తారీఖుది ముందు చదివాను, తర్వాత పదహారోది. మళ్లీ మొదటిది చదివాను. టీచరమ్మకి చూపించలేదు.

అమ్మేశానన్నావు. ఆ మాట రాయడానికి నీకు బడి నేర్పింది కదా. సరే. కోపం తగ్గాక నీకే తెలుస్తుంది, లేదా తెలియదు.

నేను తప్పు చేశాను. నీకు చెప్పుకోలేని కోరిక ఉందనుకున్నాను, ఎందుకంటే నాకు ఉండేది. నాకు అలాంటి ఉత్తరం రాసుకోవడం కూడా రాదు అప్పట్లో. నా కోరికే నీ కాగితం మీద కనబడింది.

ఇప్పుడు విను. ఏడవకు, దేవుడి మాటలు రాయకు. నేను అడిగినదానికి మాత్రమే జవాబు రాయి. మీ టీచర్లు నేర్పినట్టు వివరంగా.

ఆ ఇంట్లోకి ముసుగులో వచ్చింది ఎవరు?

నీ ముఖం మీద బట్ట ఉందా లేదా?

ముసలాయన ఒడిలో కూర్చుంది ఎవరు? నువ్వు ఆయన ఒడిలో ఒక్క క్షణమైనా కూర్చున్నావా?

ఆయన కోడలు అన్నప్పుడు ఆయన చెయ్యి ఎక్కడుంది?

తొందరగా రాయి. ముప్పయ్యో తారీఖున పంచాయితీ పెట్టిస్తున్నాను. వాళ్లు నీ గురించి అడగడానికి వస్తారు. మన వాకిట్లో నిలబడి మాట్లాడే హక్కు నాకు ఈ ఒక్క విషయంలోనే ఉంది, పెళ్లికూతురి మేనత్తని కాబట్టి. నాకూ భయంగా ఉంది. మీ నాన్న తాగిన సారా నేను కక్కించలేను కదా.

మీ అత్త


రుగాజే మఠం,
24 నవంబర్.

అత్తా,

ముసుగులో వచ్చింది మరియమ్మ స్వరూపం. నేను ఎత్తుకుని తెచ్చాను.

నా ముఖం మీద ఏమీ లేదు. తల మీద మా తెల్ల గుడ్డ మాత్రం ఉంది, ముఖం తెరిచే ఉంది. కయోజాతో ముఖాముఖి మాట్లాడాను.

ముసలాయన ఒడిలో కూర్చోబెట్టింది స్వరూపాన్ని. నేను పక్కన గడ్డి మీద కూర్చున్నాను. ఆయన ఒంటికి నా చెయ్యి కూడా తగల్లేదు, నీళ్లు తాగించినప్పుడు తప్ప.

కోడలు అన్నప్పుడు ఆయన చెయ్యి స్వరూపం తల మీద ఉంది. ప్రొజెస్టస్ ఎదురుగా ఉన్నాడు, అతను చూశాడు.

ఇవన్నీ ఎందుకు అడిగావో నాకు తెలియదు. అమ్మేశావన్న మాట నేను రాయకుండా ఉండాల్సింది. ఇక్కడ పడమటి కిటికీ దగ్గర నిలబడితే వాళ్ల తోట కనిపిస్తుంది. పొగ లేస్తుంటే వాళ్లు నా కోసం వంట మొదలుపెట్టారా అనిపిస్తుంది. ఆ పసిపిల్లకి జ్వరం తగ్గిందా? మదర్ మందు పంపిస్తే వాళ్లు మా చేతి మందు తీసుకోలేదు.

ఎవోదియా


బుయేగా,
2 డిసెంబర్.

ఎవోదియా,

పంచాయితీ అయిపోయింది. మొత్తం రాస్తాను, చెయ్యి నొప్పి పుట్టినా రాస్తాను.

వాళ్లు ఎనిమిది మంది దాకా వచ్చారు. మన వంశం పెద్దలూ వచ్చారు. మీ నాన్న అరుగు మీద కూర్చున్నాడు, నేల చూస్తూ. కయోజా మొదలుపెట్టాడు. "మీ పిల్ల మా ఇంట్లో తెల్లవార్లూ ఉంది. కాదంటారా?"

నేను లేచాను. "ఉంది. పెళ్లికూతుర్ని దించిన మేనత్త ఉండదా?" అన్నాను.

"మేనత్తేంటి?"

"కయోజా, నీ పెళ్ళాన్ని తెచ్చినప్పుడు దాని మేనత్త మీ ఇంట్లో దిగింది గుర్తుందా? నాకు గుర్తుంది, మీ అమ్మ మా ఇంటికొచ్చి ఏడ్చింది, కుండలు ఖాళీ చేస్తోంది కదలట్లేదు అని. ఆవిడ గడ్డి మీద కూర్చుందా?"

"కూర్చుంది."

"గింజ నమిలిందా? వంశం చెప్పిందా?"

"చెప్పింది."

"మరి ఆవిడనెందుకు పెళ్లి చేసుకోలేదు నువ్వు?"

మన పెద్దలు నవ్వారు. వాళ్లలో ఒకడు కూడా నవ్వి, నోరు మూసుకున్నాడు. కయోజా నవ్వలేదు. నేను అడిగాను, "ముసుగులో వచ్చినది పెళ్లికూతురా, ముఖం తెరిచి చెయ్యి పట్టుకు తెచ్చినది పెళ్లికూతురా? మామ ఒడిలో కూర్చునేది ఎవరు? మీ అన్న ఒడిలో కూర్చుంది ఎవరు?"

అప్పుడు ఆ కుర్రాడు, ప్రొజెస్టస్, వెనక నుంచి లేచాడు. "నాన్న ఒడిలో ఉన్నది బొమ్మ. ఎవోదియా కాదు. నేను చూశాను" అన్నాడు. "ఇన్నాళ్లూ చెప్పలేదేంరా" అన్నాడు కయోజా. "నాన్న మాటకి ఎదురు చెప్పినట్టవుతుందని భయపడ్డాను" అన్నాడు.

"కర్ర బొమ్మ ఎక్కడన్నా కోడలవుతుందా" అన్నాడు వాళ్లలో ఒకడు.

"అది మీ అన్ననడుగు. కోడలని పిలిచింది ఆయన, నేను కాదు" అన్నాను.

ముసలాయన పేరు ఎత్తాక గాలి కూడా ఆగిపోయినట్టుంది. నాకూ భయమేసింది, చచ్చినవాడి మీద తగవు పెట్టానని. చివరికి వాళ్ల వదిన, ముసలాయన పెళ్ళాం, ఆడవాళ్ల వైపు నుంచి అంది, "కోడల్ని పంపొద్దన్నాడు. తెల్లారగానే ఎత్తుకుపోనిచ్చాం. అదీ మనం చేసిన తప్పు. ఆవిడ్ని తిరిగి తెచ్చి ఇంట్లో ఉంచండి. నా మనవరాలు బతికితే చాలు."

అలా తీర్పయింది. నీ మీద హక్కు లేదు. బొమ్మ వాళ్లింటికి రావాలి, వచ్చి అక్కడే ఉండాలి. మీ మదర్ ఇస్తుందో లేదో నాకు తెలియదు, ఇస్తుందని చెప్పేశాను. మళ్లీ నీ నోరు వాడుకున్నాను, తిట్టుకో.

ఇంకో సంగతుంది, అదే నన్ను తినేస్తోంది. తెచ్చినవాళ్లే మళ్లీ దించాలి. అంటే నువ్వే. ముఖం తెరుచుకుని, ఆవిడకి ముసుగు వేసి, ఆ ఇంట్లోకి నువ్వొక్కదానివే వెళ్లి, అన్న బదులు కయోజా ఒడిలో కూర్చోబెట్టి రావాలి. నేను వస్తానంటే ఒప్పుకోలేదు. నేను నీకు అత్తని గానీ ఆవిడకి కాదంట. నేను చెప్పిన మాటే నా మీదకి తిప్పారు. నిన్ను ఆపబోమని కయోజా మాటిచ్చాడు. మిగతావాళ్లు నేల చూశారు. వాళ్లు తలుపు వెయ్యరని నేను ప్రమాణం చెయ్యలేను ఎవోదియా. నీకు వెళ్లొద్దనిపిస్తే వెళ్లకు.

మీ నాన్న సారా తిరిగి కొలిచిచ్చాడు. పరువు పోయిందని నాతో మాట్లాడటం లేదు. ఎనిమిదో తారీఖున నేను మఠానికి వస్తే తిరిగి ఈ తోటలో అడుగుపెట్టొద్దన్నాడు. నాకు వేరే తోట లేదే. రాలేను.

మీ అత్త


రుగాజే మఠం,
7 డిసెంబర్ 1974.

అత్తా,

వెళ్లాను. తిరిగి వచ్చాను. ముందు అది రాస్తే నువ్వు మిగతాది నెమ్మదిగా చదువుతావు.

మదర్‌కి నీ ఉత్తరం చదివి వినిపించాను. స్వరూపం ఇవ్వాలన్న చోట ఆమె కళ్లు మూసుకుంది. అది లేకుండా ఆమె ఒక్క ఊరికీ వెళ్లలేదు. కాసేపటికి "మనం ఏ ఇంటికి తీసుకెళ్లినా తెల్లారగానే లాక్కొచ్చేస్తున్నాం. ఒక ఇల్లు ఆమెను ఉండమంది" అంది. "నీకు భయమైతే నేను పంపను. సభ ఆగినా సరే." నాకు భయంగా ఉందని చెప్పాను. వెళ్తానని కూడా చెప్పాను.

నిన్న మధ్యాహ్నం వాన. మదర్, మిగతావాళ్లు తోట అవతలే ఆగిపోయారు, అది నియమం కాబట్టి. ముసుగు వేసిన మరియమ్మను ఎత్తుకుని అరటి చెట్ల మధ్య నుంచి నడిచాను. జపమాల మొదలుపెడితే "వందనము మరియమ్మా" దగ్గరే మళ్లీ మళ్లీ ఆగిపోయాను. ఆ రెండు మాటలే చెప్పుకుంటూ వెళ్లాను.

ఇంటి నిండా మగవాళ్లున్నారు. నేను గడప దాటాక వెనక తలుపు మూశారు. అత్తా, ఆ చప్పుడు నా వీపు మీద పడింది. ఇక అంతేననుకున్నాను. చేతుల్లోంచి స్వరూపం జారబోయింది. అప్పుడు ముసలావిడ "వాన జల్లు కొడుతోంది, దీపం ఆరిపోతుంది" అని ఎవరినో కసురుతూ తలుపుకి అడ్డుకర్ర పెట్టింది. దీపం కోసమేనట. నాకు నమ్మకం కలగలేదు.

కయోజా పీట మీద కూర్చుని ఉన్నాడు. "ఎవరి కూతురు" అని అడిగాడు. ఈసారి ఆ ప్రశ్న ఎందుకడుగుతారో నాకు తెలుసు. "యోవాకీము కూతురు" అని మరియమ్మ తండ్రి పేరు చెప్పాను.

"ఏ వంశం?"

"దావీదు వంశం."

"ఆ వంశం వాళ్లు ఈ చుట్టుపక్కల ఎక్కడా లేరే" అన్నాడు అనుమానంగా.

"దూరపు సంబంధమే మంచిది. మాటిమాటికీ పుట్టింటికి పరిగెత్తదు" అంది ముసలావిడ. ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఏడుపు రాబోయింది.

స్వరూపాన్ని కయోజా ఒడిలో కూర్చోబెట్టాను. ఆయన చేతులు కూడా వణుకుతున్నాయి. అది చూశాకే తెలిసింది, ఆ గదిలో భయపడుతున్నది నేనొక్కదాన్నే కాదని. పసిపిల్లను తల్లి ఎత్తుకొచ్చి పక్కన కూర్చుంది. పిల్ల ఒళ్లు ఇంకా కాలుతోంది. మదర్ పంపిన మందు మళ్లీ ఇచ్చాను. ఈసారి తీసుకున్నారు. పిల్లకి తగ్గుతుందో లేదో నాకు తెలియదు. తగ్గకపోతే ఏమంటారో అని ఇప్పుడూ భయంగానే ఉంది.

లేచాను. ఎవరూ కదలలేదు. తలుపు దగ్గర ప్రొజెస్టస్ ఉన్నాడు. నా దారికి అడ్డంగా నిలబడ్డాడు. "ఆవిడతో ఎలా మాట్లాడాలి? మాకు జపం సగమే వచ్చు" అని అడిగాడు. "వచ్చిన సగమే చెప్పండి. పండగ అయ్యాక ఇద్దరం వచ్చి మిగతాది నేర్పుతాం" అన్నాను. అతను అడ్డుకర్ర తీశాడు.

దించినవాళ్లు వెళ్లేటప్పుడు వెనక్కి చూడకూడదట. చూడలేదు. నా వెనకాల ముసలావిడ గొంతు, తర్వాత మగగొంతులు, తప్పుల తడకగా మంగళవార్త జపం మొదలైంది. మా సభ మొదటి ఇల్లు అదే అత్తా, మేమింకా మాటపట్టు కూడా తీసుకోకముందే.

గుడిలో స్వరూపం ఉండే గూడు ఖాళీగా ఉంది. పూలు పెడదామా అంటే మదర్ వద్దంది. "కాపురానికి వెళ్లింది, ఖాళీగానే ఉండనివ్వండి" అంది. పీఠాధిపతి గారు సాయంత్రమే దిగారు, అడ్డేమీ లేదని ఒప్పుకున్నారు. అలోదియా మాత్రం తిరిగి రాలేదు.

రేపు ఒక్కొక్కరి పేరూ పిలుస్తారు. ఒక్కొక్కరినీ ఇంటివాళ్లు చెయ్యి పట్టుకుని పీఠం దాకా తీసుకెళ్లాలి. నాకోసం తాను నడుస్తానని మదర్ అంది. వద్దన్నాను. అది నీ చోటు. దాన్ని వేరేవాళ్లతో నింపడం నాకిష్టం లేదు. నువ్వు రాలేదని నొచ్చుకోవడం లేదు, నీ తోట నీకుండాలి.

భయం పోలేదు. పోతుందని కూడా అనుకోవడం లేదు. కానీ నిన్న ఆ తలుపు దగ్గర్నుంచి తోట చివరిదాకా వానలో ఒక్కదాన్నే నడిచి వచ్చాను. పీఠం దాకా నడవడానికి అంత దూరం లేదు.

నీ మేనకోడలు,
ఎవోదియా